పొయ్యి వెలిగించే ముందు కాగితాలు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బడిపంతుల్ని, వకీలును కాను. అయినా హోటళ్ల లైసెన్సుల గురించి మాట్లాడతానని నేనే అడిగి ఈ అవకాశం తీసుకున్నాను. అందుకు కారణం నా పాత విద్యార్థి ఒకడు.

వాళ్ల నాన్న బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవారు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇల్లు గడవడం కష్టమైంది. ఈ అబ్బాయి తల్లి నగలు అమ్మి, కొంత అప్పు తెచ్చి, నిజామాబాదులో ఒక పేరున్న బిర్యానీ కంపెనీ ఫ్రాంచైజీ తీసుకున్నాడు. ప్రారంభం రోజు "లైసెన్సు ఏదిరా?" అని అడిగితే "కంపెనీకి ఉంది కదా సార్" అన్నాడు. సరే అనుకుని బిర్యానీ తిని వచ్చేశాను. కొన్నాళ్లకు అధికారులు వచ్చి షాపు మూయించారు. అద్దె మాత్రం ఆగలేదు. నేను ఆ రోజు ఇంకో మాట అడగకపోవడం నా తప్పు.

కంపెనీ మనకిచ్చేది పేరు, మసాలా, పద్ధతి. వంట జరిగే చోటుకు జవాబుదారీ మాత్రం దాన్ని నడిపేవాడే. 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద ప్రతి దుకాణానికీ విడిగా అనుమతి ఉండాలి. రెండు చోట్ల షాపులుంటే రెండు లైసెన్సులు. 2011లో వచ్చిన నియమాల్లో ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలుంటే రిజిస్ట్రేషన్ చాలని, రుసుము ఏడాదికి 100 రూపాయలని ఉండేది. అంతకు మించితే లైసెన్సు తీసుకోవాల్సి వచ్చేది. ఈ హద్దులు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే రోజున మళ్లీ చూసుకోవాలి. ఆ 14 అంకెల నంబరు షాపులోనూ, బిల్లు మీదా కనిపించాలి. హలాల్ సర్టిఫికెట్ వేరు, ఇది వేరు. ఒకటుంటే రెండోది అక్కర్లేదనుకోకండి.

మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు కావాలి. అమ్మకాలు ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ ఉంది. గ్యాసు కమర్షియల్ సిలిండరే వాడాలి, ఇంటి సిలిండరు కాదు. వంటవాళ్లకు ఏటా వైద్య పరీక్ష చేయించాలి. 14 ఏళ్లలోపు పిల్లల్ని హోటళ్లలో, ధాబాల్లో పనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచి నిషేధం. అక్కడ గ్లాసులు కడిగే పిల్లవాడు మా హాజరుపట్టీలో ఖాళీ గడి.

ఇక ఒప్పందం. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని ఖుర్ఆన్ చెబుతోంది. రాసిందాన్ని చదవకుండా సంతకం పెడితే ఏం లాభం? డిపాజిట్ ఎప్పుడు తిరిగొస్తుంది? రాయల్టీ అమ్మకం మీదా, లాభం మీదా? లైసెన్సు ఎవరు తీయాలి? మధ్యలో షాపు మూస్తే నష్టం ఎవరిది? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు కాగితం మీద ఉండాలి.

ఆ అబ్బాయి ఇప్పుడు సొంతంగా చిన్న టిఫిన్ సెంటరు నడుపుతున్నాడు. రిజిస్ట్రేషన్ కాగితానికి ఫ్రేము కట్టించి గోడకు పెట్టాడు. దానికైన ఖర్చు వంద రూపాయలు. తల్లి నగలు మాత్రం తిరిగి రాలేదు.

దాతలకు నా మనవి ఒకటే. హోటలు పెట్టుకోవడానికి సాయం అడిగిన వాళ్లకు గిన్నెలు, పొయ్యిలతో పాటు ఈ రుసుములూ ఇవ్వండి. మనలో వకీళ్లు, ఆడిటర్లు ఉన్నారు. నెలకొక ఆదివారం సొసైటీ ఆఫీసులో కూర్చుని పిల్లల ఒప్పందాలు చదివి పెట్టండి. డబ్బు ఇవ్వలేనివారు ఆ రెండు గంటలు ఇచ్చినా అదీ దానమే.