గుర్తుమాట
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామపు లెక్కలు వ్రాసికొను నన్ను భారతముమీద నాలుగు మాటలు చెప్పుమని కార్యకర్తలు కోరిరి. భారతము తప్పక వచ్చును. కాని మొదట టెలిఫోను సంగతి చెప్పవలసియున్నది.

గడచిన యేడు ఒకనాటి రాత్రి హైదరాబాదునుండి మా తమ్ముని కుమారుడు ఫోను చేసినాడనుకొంటిని. కంఠము వానిదే, ఏడుపు వానిదే. "పెద్దనాయనా, ఆపదలో ఉన్నాను, 40,000 పంపు" అని మొరపెట్టెను. నేను పంపుటకు సిద్ధపడితిని. నా భార్య ఫోను లాగుకొని, "మన ఎడ్ల పేర్లేమిరా?" అని అడిగినది. అవతల మాట ఆగిపోయినది. మనిషి కంఠమునుగూడ యంత్రము అనుకరించు కాలమిది. (ఇట్టి మోసమున డబ్బు పోయినవారు జాగు చేయక 1930 సంఖ్యకు తెలుపవలెను.)

మరునాడే మేమొక గుర్తుమాట నేర్పరచుకొంటిమి. నెల తిరుగకముందే దానిని నేనే చెడగొట్టితిని. బస్టాండులో నిలిచియుండగా పిల్లవాడు ఫోను చేసి గుర్తుమాట అడిగెను. బస్సుల రొదలో వానికి వినబడవలెనని బిగ్గరగా పలికితిని. టీ కొట్టువద్ద నున్న పదిమందియు వినిరి. అడిగినవాడు నిజముగా మా పిల్లవాడే. కాకపోయినచో? తాళపుచెవిని దొంగ చేతికే అందించినట్లయ్యెడిది. నాటినుండి ఒక ప్రశ్న నన్ను వేధించినది: నాకు తెలిసిన మాటను పలుకకుండ, అది నాకు తెలియునని ఎదుటివానికి ఎట్లు నిరూపింతును?

ఇక భారతము. పాండవులు వారణావతమునకు బయలుదేరునపుడు విదురుడు ధర్మరాజుతో ఇతరులకు తెలియని మ్లేచ్ఛభాషలో హెచ్చరిక పలికెను, ధర్మరాజు తెలిసినదనెను. పిమ్మట లక్కయింట సొరంగము త్రవ్వుటకు విదురుడు పంపిన ఖనకుడు వచ్చెను. వాడు విదురుని మనుష్యుడో, దుర్యోధనుని వేగులవాడో ఎట్లు తెలియును? ఖనకుడు ఆ హెచ్చరికను తిరిగి వల్లింపలేదు. విదురుడు మ్లేచ్ఛభాషలో ఏదో చెప్పెననియు, తాము సరేయంటిరనియు జ్ఞాపకము చేసెను. అంతే, ధర్మరాజు నమ్మెను. చాటున పొంచి విన్నవానికి లోపలి విషయమేమియు దక్కదు. ఈ ఘట్టమును ఎన్నిమారులో చదివితిని గాని, బస్టాండులో అవమానము పొందినపిమ్మటనే దాని విలువ తెలిసినది. ఉంగరమును మాత్రము నమ్మిన గతి ముద్రారాక్షసములో చూడుడు: రాక్షసమంత్రి ముద్రిక చాణక్యుని చేత పడినది, దానితో దొంగజాబునకు ముద్ర పడినది.

అయితే మన గుర్తుమాట చిన్నది. నాలుగంకెల సంఖ్యయైనచో ఉన్నవి 10,000 మాత్రమే. దానిని తారుమారు చేసి పంపినను లాభము లేదు. దారిలో పట్టినవాడు శబ్దరత్నాకరము ముందు పెట్టుకొని, ఒక్కొక్క పదమును అదే రీతి తారుమారు చేసి, తన చేత నున్నదానితో సరిచూచుకొనును. యంత్రమునకు ఆ పని క్షణకాలము. మనకు తెలియనుగూడ తెలియదు.

దీనికి విరుగుడు గూఢలిపి శాస్త్రములో రెండంచెలుగా వచ్చినది. మొదటిది 1976లో డిఫీ, హెల్‌మన్ అను నిద్దరు ప్రకటించినది. లెక్కలవాడను గనుక లెక్కగా చెప్పెదను. 2, 19 అను అంకెలు అందరికిని తెలిసినవే. నేను రహస్యముగా 6 అనుకొని, రెండును ఆరుమారులు హెచ్చవేసి, 64ను 19చే భాగించి, శేషము 7 పంపుదును. పిల్లవాడు 5 అనుకొని, 32నుండి వచ్చిన శేషము 13 పంపును. నేను వాని 13ను ఆరుమారులును, వాడు నా 7ను ఐదుమారులును హెచ్చవేసి భాగింపగా, ఇద్దరికిని శేషము 11 వచ్చును. ఇంటికి పోయి కాగితముమీద చేసి చూడుడు. తంతిపై నడచినవి 7, 13, 11 నడువలేదు. అంకెలు చిన్నవి గనుక ఇచట దొంగ కనుగొనవచ్చును. నిజమైన యంత్రములు 600కు పైగా అంకెలుగల సంఖ్యలతో ఈ పని చేయును. ఎదురులెక్క ఎవరికిని సాగదు.

కాని లోపమొకటి కలదు. నాకు 13 పంపినవాడు మా పిల్లవాడేయని ఎవరు చెప్పవలెను? 1992లో బెలోవిన్, మెరిట్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఇచటనే గుర్తుమాటను ప్రవేశపెట్టిరి. పంపు సంఖ్యకు దానితో ముసుగు వేయుదురు. అవతలివాడు అదే మాటతో ముసుగు తీయును. మాట తప్పైనచో వేరొక సంఖ్య బయటపడి, చివరి శేషములు కలియవు. పొంచియున్న దొంగ నిఘంటువంతయు త్రిప్పి ముసుగు తీసి చూచినను, ప్రతి పదమునకును ఏదో యొక సంఖ్య వచ్చును. ఏది నిజమో చెప్పు గుర్తు ఏదియు నుండదు. వాడు ఎదుటబడి ఒక్కొక్కమారు ఒక్కొక్క మాట మాత్రమే పరీక్షింపగలడు. మూడు తప్పులకు తలుపు మూయుట యంత్రమునకు కష్టము కాదు. ఇంత చిన్నమాటకు ఇంత బలము వచ్చుట నాకు వామనమూర్తి మూడడుగులవలె తోచినది.

2018లో వెలువడిన డబ్ల్యు.పి.ఏ. 3 అను వైఫై పద్ధతి ఈ కోవలోనిదే. మరుసటి యేడు దానిలోనూ కొన్ని లొసుగులు పట్టిరి, సవరించిరి. పాత పద్ధతి పెట్టెలున్నచోట, వీధిలో కూర్చున్నవాడు ఒక్క పలకరింపును పట్టుకొని నిఘంటువు త్రిప్పగలడు. ఊరిపేరును గుర్తుమాటగా పెట్టువారు ఇది గమనింపవలెను. క్రొత్తది కొనువారు పెట్టెమీద ఆ 3 ఉన్నదో లేదో చూడుడు. ఈ విద్యను నేర్వదలచిన విద్యార్థులు దూరము పోనక్కరలేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణమున సి.ఆర్. రావుగారి పేర వెలసిన సంస్థలో ఈ శాస్త్రమున పరిశోధన జరుగుచున్నది.

నోటితో మాటలాడు మనకు అంత హెచ్చవేత సాధ్యము కాదు. అందుకు సీతమ్మవారి మార్గమున్నది. ఆమె హనుమంతునితో చూడామణి పంపుటకు ముందు, చిత్రకూటమున కాకి చేసిన ఆగడమును చెప్పి పంపెను. అది రామునకును ఆమెకును తెలిసిన కథ. ఒకమారు చెప్పినది మరల పనికిరాదు గాని, కలిసి బ్రదికినవారికి అట్టి కథలకు కొదువయుండదు.

మొన్నటి ఆదివారము మా పిల్లవాడు ఫోను చేయగా, వాని చిన్ననాట మా బావిలో పడిన వస్తువేదని అడిగితిని. నవ్వి వెంటనే చెప్పినాడు. ఆ ప్రశ్న అయిపోయినది. రాబోవు ఆదివారమునకు మరొకటి వెదకుచున్నాను.