పునాది తవ్వే ముందు

పగలంతా మలయ్ భాషలో పాఠాలు చెప్పి, సాయంకాలపు తరగతుల్లో నేర్చుకొన్న తెలుగు మాది. తప్పులుంటే మన్నించగలరు.

మేము భార్యాభర్తలం ఇద్దరమూ టీచర్లమే. ఉద్యోగ విరమణ తర్వాత కెడా రాష్ట్రంలో మెర్బోక్ దగ్గర ఇల్లు కట్టుకోదలచి కొంత జాగా కొన్నాము. భూమిపూజకు మంచిరోజు చూశాము. ఆ భూమి కింద ఏమున్నదో చూడాలని మాత్రం తోచలేదు. మెర్బోక్ అంటే బుజాంగ్ లోయ. ఆ పాఠం ఏటేటా పిల్లలకు చెప్పినవారమే!

వెయ్యేళ్లకు పూర్వమే ఆ లోయలో రేవులుండేవి. భారతదేశపు వర్తకులు బంగాళాఖాతం దాటి అక్కడ దిగేవారు. 1936-37లో క్వారిచ్ వేల్స్ దంపతులు అక్కడ సుమారు 30 స్థలాలు పరిశోధించి ఒక్కొక్కదానికి నంబరు వేశారు. అందులో 11వ నంబరు ఆలయపు పునాది సుంగై బాటు ఎస్టేటులో ఉండేది. 2013లో ఇళ్లు కట్టడానికి నేల చదును చేస్తూ యంత్రాలతో దానిని తుడిచివేశారు. అది ప్రైవేటు భూమి, రక్షిత స్థలంగా గెజెట్టులోకి ఎక్కలేదు. పుస్తకంలో నంబరు ఉన్నది, రక్షణ మాత్రం లేదు. మాకు కోపం వచ్చేది ఇక్కడే.

అట్లని మనవారే మేలనుకోకండి. 1797లో మెకంజీ దొర అమరావతి చేరే నాటికి, జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు కొత్త పట్నం కట్టిస్తుండగా, ఆయన మనుషులు స్తూపపు దిబ్బను తవ్వి ఇటుకలు, రాళ్లు మోసుకుపోతున్నారు. మిగిలిన శిల్పాల్లో చాలా వాటిని చూడాలంటే నేడు చెన్నైకో లండనుకో పోవాలి.

మలక్కాలో మేలు జరిగింది. 2006లో తిరిగే గోపురం కోసం తవ్వుతుంటే డచ్చివారి మిడిల్‌బర్గ్ బురుజు పునాది బయటపడింది. 110 మీటర్ల గోపురాన్ని వేరొక చోట కట్టి 2008లో తెరిచారు. అంత గోపురాన్నే జరపగలిగినప్పుడు మన వంటగదిని జరపలేమా?

ఇక మా సంగతి. కూలీలు రెండడుగులు తవ్వగానే ఇటుకల వరస కనిపించింది. కంట్రాక్టరు మెల్లగా దగ్గరకు వచ్చి, "చిక్‌గూ, ఎవరితోనూ అనకండి, పని ఆగిపోతుంది" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి మాకు నిద్ర లేదు. పెన్షను డబ్బంతా ఆ జాగాలోనే ఉన్నది. మరునాడు జిల్లా ఆఫీసుకు వెళ్లి చెప్పాము. 2005 నాటి జాతీయ వారసత్వ చట్టం ప్రకారం చెప్పవలసినదే.

కొన్నాళ్లకు పురావస్తు శాస్త్రం చదివే పిల్లలు వచ్చారు. తాడు కట్టి మీటరు చదరం గీసుకొన్నారు. చిన్న తాపీలతో మన్ను పలుచగా గీకి, పొరపొరకూ రంగు రాసుకొని, జల్లెడ పట్టి, ఫోటో తీసిన తర్వాతనే ఇంకొంచెం లోతుకు పోయారు. ఒకసారి కలిసిపోయిన పొరలను మళ్లీ వేరుచేయలేమట. వస్తువు ఎంత లోతులో, దేని పక్కన దొరికిందో అదే దాని వయస్సు చెబుతుంది. ఊరికే పైకి లాగితే అది వట్టి పెంకు.

తీరా చూస్తే అది ఆలయం కాదు. పాత రబ్బరు ఎస్టేటు లయిను ఇండ్ల పునాది. పాలు పట్టే పింగాణి కప్పు ఒకటి, విరిగిన గాజు ముక్కలు కొన్ని దొరికాయి. "పురాతనం కాదు, కట్టుకోవచ్చు" అన్నారు. కంట్రాక్టరు సంతోషించాడు. మాకు మాత్రం మాట రాలేదు. విశాఖ జిల్లా నుండి ఓడలో వచ్చిన మా తాతగారు అట్లాంటి లయినులోనే కాపురం పెట్టారు. మా నాన్నగారు అట్లాంటి గదిలోనే పుట్టారు. ఆ ఇటుకలకు నంబరు వేయడానికి ఏ వేల్స్ దొరా రాడు.

అందుకని మేమే టేపు పట్టుకొని కొలిచాము. ఆరు గదులు, ఒక్కొక్కటి పదడుగులు. లెక్కల నోటుబుక్కులో పటం గీశాము. ఇల్లు పన్నెండడుగులు వెనక్కి జరిగింది, వంటగది చిన్నదయింది. ఆ వరస మీద గడ్డి తప్ప లోతుకు వేళ్లు దిగే చెట్టేదీ నాటలేదు.

నోటుబుక్కు ఈ రోజు వెంట తెచ్చాము. మీ తాతముత్తాతలెవరైనా మెర్బోక్ వైపు ఎస్టేట్లలో పనిచేసి ఉంటే, టీ వేళ మమ్మల్ని కలవండి. ఆ గదుల్లో ఎవరుండేవారో పేర్లు రాయడానికి పేజీలు వదిలిపెట్టి ఉంచాము.