పొరుగు రాష్ట్రమున కంపెనీ రిజిస్ట్రేషను



బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల పెద్దలయొద్దకు నేఁడొక ప్రశ్న వచ్చుచున్నది. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేయించు కుమారుఁడో, నాగాయలంక చెంత రొయ్యలు పెంచు మనుమఁడో కాగితముల కట్ట తెచ్చి, "హైదరాబాదున కంపెనీ రిజిస్టరు చేయింతును, తాతగారూ, మీరును డైరెక్టరుగా సంతకము చేయుఁడు" అనును. 2014 జూన్ 2వ తేదికి ముందు హైదరాబాదు మన రాష్ట్రములోనిదే. నేఁడది వేఱు రాష్ట్రము. సంతకమునకు ముందు కొంత విచారింపవలెను.

కంపెనీ యనఁగా చట్టము సృజించిన యొక వ్యక్తి. ఆ వ్యక్తికిని ఊరుండును. 1611లో మన బందరున కోఠీ పెట్టిన ఆంగ్లేయుల కంపెనీ పుట్టినది 1600లో, లండనులో. సరకు మనది, నేఁతపని మనది. లెక్కలడుగు సభ మాత్రము సముద్రముల కావల. డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును బందరుననే స్థాపించిరి. పిమ్మట దాని ప్రధాన కార్యాలయము హైదరాబాదునకు పోయినది. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకే ముంబయి ప్రధానస్థానముగాఁగల యూనియన్ బ్యాంకులో లీనమైనది. ఊరు మాఱుట సామాన్యవిషయము కాదని బందరువారికి వేఱుగాఁ జెప్పనక్కఱలేదు.

అమెరికానుండి వచ్చిన బంధువులు డెలావేరు పేరు చెప్పుదురు. అది చిన్న రాష్ట్రము. అయినను అచటి పెద్ద కంపెనీలు పెక్కు అందు రిజిస్టరైనవి. అచట ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క కంపెనీ చట్టము గలదు, కావున ఎంచుకొనుటకు అర్థమున్నది. మనకో, 2013 కంపెనీల చట్టము దేశమంతటికి ఒక్కటే. ఆదాయపు పన్నును అట్టిదే. రాష్ట్రమునుబట్టి మాఱునది ముఖ్యముగా స్థాపనసమయమున చెల్లించు స్టాంపు సుంకము. దానికై ఊరు మార్చుట అరటిపండుకొఱకు తోట కొన్నట్లుండును.

ఖర్చు వేఱొక చోట నున్నది. నగలు చిలకలపూడినుండి అమ్మినచో వస్తు సేవల పన్ను రిజిస్ట్రేషను ఆంధ్రప్రదేశ్‌ననే కావలెను. హైదరాబాదులోని అద్దెగది దీనిని తప్పింపదు. నోటీసులు, సమనులు ఆ గదికే పోవును; తలుపు తెఱచువాఁడు లేకున్నను గడువు ఆగదు. సభ్యులందఱు వ్రాతమూలముగా ముందే అంగీకరించిననే గాని వార్షిక సమావేశము ఆ నగరముననే జరుపవలెను. మరల బందరునకు మార్చుకొందమన్న, ప్రత్యేక తీర్మానము, పత్రికలలో ప్రకటన, కేంద్రప్రభుత్వపు అనుమతి కావలెను. చిరునామా పలకపై స్థానికభాషాలిపియు నుండవలెనని చట్టము చెప్పుచున్నది. ఇంతవఱకు రెండు చోటులను తెలుఁగే గావున ఆ చింత మాత్రము లేదు!

భాగస్వామి, దుకాణము, కొనుగోలుదారులు నిజముగా హైదరాబాదుననే యున్నచో అచట రిజిస్టరు చేయుటే యుక్తము. కేవలము పేరుకై యన్న, నేను వలదందును.

1932 చట్టము ననుసరించిన భాగస్వామ్యములో అప్పు భాగస్వాముల సొంత ఆస్తిమీఁదికి వచ్చును. కంపెనీలో వాటాదారుని బాధ్యత అతని వాటాసొమ్ముతో నాగును. మనవారు కంపెనీ కోరుటకు ఇదియే మంచి కారణము. కాని బ్యాంకు అప్పునకు సొంత హామీ వ్రాసియిచ్చిన పెద్దకు ఆ రక్షణ లేదు. కంపెనీ ఏ రాష్ట్రమున పుట్టినను, దివిసీమలోని అతని పొలము అప్పునకు చిక్కును. కాగితముల కట్టలో ఆ హామీపత్రము కలిసియున్నదేమో ముందుగా వెదకుఁడు.