పరిమళం దాచుకునేది కాదు



మన ఇళ్ళలో బీరువా తెరిస్తే పట్టుచీరల మడతల వెనకాల ఒక సెంటు సీసా కనిపిస్తుంది. అమెరికా నుంచి కూతురు తెచ్చిందో, దుబాయి నుంచి తమ్ముడు తెచ్చాడో! అట్టపెట్టె మీది పల్చటి కాగితం కూడా చింపకుండా, "ఏ పెళ్ళికో వాడుకోవచ్చులే" అని లోపల పెడతాం. పెళ్ళిళ్ళు వస్తాయి, పోతాయి. సీసా మాత్రం అలాగే ఉంటుంది. ఇవాళ ఆ సీసాను గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

అలాంటి సీసాలలో ఒకటి 'త్రెజోర్'. ఫ్రాన్సుదేశపు లాంకోమ్ సంస్థ 1990లో దాన్ని విడుదల చేసింది. ఆ ఫ్రెంచి మాటకు అర్థం 'నిధి'. తలకిందులుగా నిలబెట్టిన పిరమిడ్ లాంటి సీసా, లోపల లేత పీచ్ పండు రంగు ద్రవం. దీన్ని కూర్చినది ఒక స్త్రీ కావడం మనకు ముచ్చట. ఆమె పేరు సోఫియా గ్రోస్మన్. బేలారస్‌లో 1945లో పుట్టి, అమెరికా చేరి, అక్కడ పరిమళాల తయారీలో పేరు తెచ్చుకున్నారు. గులాబీతో పరిమళం కూర్చడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. 1983లో వచ్చిన 'పారిస్' కూడా ఆమె చేతిదే.

త్రెజోర్‌ది పూలూ పండ్లూ కలిసిన జాతి. గులాబీకి పీచ్, ఆప్రికాట్ తోడయ్యాయి. ఆప్రికాట్ అంటే హైదరాబాదు వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. ఖుబానీ కా మీఠా చేసుకునే ఆ ఖుబానీయే. పీచ్ పండు వాసనలో తీపితోపాటు మీగడలాంటి మెత్తదనం ఉంటుంది.

ఇక్కడొక తమాషా ఉంది. గులాబీ రేకుల్ని ఆవిరి పట్టి నూనె తీయవచ్చు. కిలో నూనెకు సుమారు 3,000 నుంచి 5,000 కిలోల రేకులు కావాలి, అది వేరే సంగతి. నారింజ, నిమ్మ తొక్కల్ని పిండినా నూనె వస్తుంది. పీచ్ పండును మాత్రం ఎంత పిండినా రసమే వస్తుంది కానీ సెంటులో వేసే తైలం రాదు. మన బంగినపల్లి మామిడి చూడండి, గడ్డిలో మాగేసిన గదంతా గుబాళిస్తుంది. ఆ గుబాళింపును సీసాలోకి దించడం మాత్రం మన తరమా? అందుకే 20వ శతాబ్దం మొదట్లో రసాయన శాస్త్రవేత్తలు పీచ్ వాసన ఇచ్చే ఒక పదార్థాన్ని తయారుచేశారు. జాక్ గెర్లాన్ 1919లో 'మిత్సుకో' అనే సెంటులో దాన్ని వాడి ఎంతో పేరు తెచ్చుకున్నాడు. ఆ దారిలోనే పండ్ల వాసనలు ఆడవాళ్ళ సెంట్లలో స్థిరపడ్డాయి. "అయితే ఇదంతా కృత్రిమమా?" అని మొహం చిట్లించకండి. మనం కేకులో వేసే వెనిల్లా ఎసెన్సు సంగతీ చాలామటుకు అంతే.

సెంటును మెచ్చుకోవడానికి కాస్త ఓపిక కావాలి. దుకాణంలో మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసేది ఎక్కువగా సారాయి ఘాటే. ఒంటిమీద వేసుకుని పదిహేను నిమిషాలు ఆగండి. ఘాటు, తొలి తళుకు ఎగిరిపోతాయి. అప్పుడు గులాబీ, పండు విచ్చుకుంటాయి. నాలుగైదు గంటలు గడిచాక చర్మాన్ని అంటిపెట్టుకుని మెత్తటి కస్తూరి వంటి వాసన మిగులుతుంది. పొద్దున కోసిన మల్లెమొగ్గ సాయంత్రానికి విచ్చి, మర్నాటికి వాడినా దిండుకి వాసన మిగిల్చినట్టన్నమాట.

ఇక వేసుకునే పద్ధతి. స్నానం చేసి ఒళ్ళు తుడుచుకోగానే మణికట్టు మీద ఒకసారి, మెడ పక్కన ఒకసారి కొట్టుకుంటే చాలు. మణికట్లు రెండూ కలిపి రుద్దకండి. మొదటిసారి వాడేవాళ్ళు మోచేతి మడతలో కొంచెం రాసి, ఒక రోజు ఆగి, దద్దురు రాలేదని చూసుకోండి. పట్టుచీర మీద, జరీ మీద, ముత్యాల మీద కొట్టకండి, మచ్చలు పడతాయి. ముఖ్యంగా గుర్తు పెట్టుకోండి: ఇందులో సారాయి పాలు ఎక్కువ, చటుక్కున అంటుకుంటుంది. పొయ్యి దగ్గరా, దేవుడి దీపం దగ్గరా, వెలుగుతున్న అగరొత్తి దగ్గరా సీసా తియ్యవద్దు.

గంట గడిచేసరికి మన ముక్కు దానికి అలవాటు పడి, వాసన పోయిందనిపిస్తుంది. పక్కవాళ్ళకి ఇంకా తెలుస్తూనే ఉంటుంది. మళ్ళీ మళ్ళీ కొట్టుకుంటే బస్సులో పక్కన కూర్చున్నావిడకి తలనొప్పి ఖాయం. ఉబ్బసం ఉన్నవాళ్ళ ఇంటికీ, ఆసుపత్రికీ వెళ్ళేటప్పుడు అసలు వద్దు. మండువేసవిలో ఈ తీపి బరువుగా తోస్తుంది. చలికాలపు సాయంత్రాలకు బాగుంటుంది. తలలో మల్లెచెండు ఉన్న రోజున సెంటుకు సెలవివ్వండి. రెండూ పోట్లాడుకుంటాయి.

ఇంత చెప్పినా, "ఈ వయసులో మనకెందుకులెండి" అనేవాళ్ళుంటారు. వాళ్ళకొక సంగతి చెప్తాను. త్రెజోర్ వచ్చినప్పుడు దాని ప్రకటనల్లో కనిపించినది నటి ఇసబెల్లా రోసెలినీ. ఆమెకు నలభై దాటాక వయసు పైబడిందని ఆ సంస్థ పక్కన పెట్టింది. 2016లో, అరవై దాటిన ఆమెనే మళ్ళీ పిలిచింది. మారినది చూసేవాళ్ళ కళ్ళే!

మా వీధిలో ఒక పిన్నిగారున్నారు. భర్త పోయి ఏడేళ్ళయింది. తలలో పువ్వు పెట్టడం మానేశారు. మానేశారనడం కంటే మాన్పించారనడం నిజం. మనవరాలు ఇలాంటి సీసా పంపితే, "నాకెందుకే ఇది, ఎవరైనా చూస్తే నవ్విపోతారు" అన్నారట. "వాసన ఎవరికీ కనపడదు కదా అమ్మమ్మా" అందట ఆ పిల్ల. ఇప్పుడు సాయంత్రం స్నానం చేసి, మణికట్టు మీద రవ్వంత వేసుకుని, వరండాలో పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. పువ్వు పెట్టుకోవడానికి ఆడది ఒకరి అనుమతి ఎందుకు తీసుకోవాలన్నది పెద్ద ప్రశ్న, అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు దొరికేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోనక్కర్లేదని మాత్రం ఆ పిన్నిగారు తేల్చేశారు.

దాచుకుంటే పెరగడానికి సెంటు బంగారం కాదు. వెలుతురూ, వేడీ, గాలీ దానికి శత్రువులు. ఏళ్ళు గడిచేకొద్దీ రంగు ముదురుతుంది, మొదటి వాసన పులిసినట్టవుతుంది. స్నానాలగదిలోనూ కిటికీ పక్కనా పెట్టకుండా, దాని పెట్టెలోనే చల్లటి చీకటి చోట ఉంచుకోండి. ఉంచుకుంటూనే వాడుకోండి. పెళ్ళి రావాలా, పండగ రావాలా? వంట ముగించి, ఒళ్ళు కడుక్కుని, పది నిమిషాలు మీ కోసం కూర్చున్న ఏ మంగళవారం సాయంత్రమైనా చాలదూ? నిధి అని పేరు పెట్టింది పాతిపెట్టమని కాదు కదా!