వీధిలో కుప్ప ఎవరిది?
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గ్రాట్యుటీ సొమ్ముతో ఇల్లు కట్టుకొన్నవాళ్ళం మనలో చాలామందిమి. ఇప్పుడు పిల్లలు దానిపై మేడలు లేపుతున్నారు. ఇల్లు మనది, ఇసుక, పిక్క, పగిలిన ఇటుకల కుప్ప మాత్రం వీధిది! ఎత్తవలసింది కార్పొరేషన్ వారని మన నమ్మకం. అది సరికాదు. 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నిబంధనలు ఆ బాధ్యతను కట్టించేవారి మీదనే ఉంచాయి. శిథిలాలను తన ఆవరణలోనే ఉంచుకోవాలని, లేదా నిర్ణయించిన చోటికి చేర్చాలని అవి చెప్పాయి. రాకపోకలకు, కాలువలకు అడ్డు రాకూడదని అన్నాయి.

విశాఖలో ఇది మరీ ముఖ్యం. మనది కొండలకూ సముద్రానికీ నడుమ ఉన్న ఊరు. కొండల మీద కురిసిన వాన గెడ్డల గుండా వేగంగా పల్లానికి దిగుతుంది. కాలువలో సిమెంటు గట్టిపడితే పారకు లొంగదు. అప్పుడు ఆ నీరు పల్లపు వీధుల్లోని పేదల ఇళ్ళలో చేరుతుంది. నిలిచిన మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమ బోదకాలు వ్యాధిని వ్యాపింపజేస్తుంది. ఇక చీకట్లో పిక్క మీద కాలు జారి తుంటి ఎముక విరిగితే, మన వయస్సులో మళ్ళీ లేచి నడవడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

కనుక నా మనవి ఇది. మేస్త్రీతో ఒప్పందం వ్రాసుకొనేటప్పుడే శిథిలాల తరలింపు ఖర్చును ఒక పద్దుగా చేర్చండి. సిమెంటు వీధిలో కలపనివ్వకండి. ఏనాటి చెత్త ఆనాడే గోనెసంచుల కెత్తించి, కాలువ చూసుకొన్నాకే కూలి లెక్క ముగించండి. పక్కవీధిపై ఫిర్యాదు వ్రాసేముందు మన గుమ్మం ముందు చూసుకొందాం.