మఫ్లరుకు కుచ్చులు

అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న మన కృష్ణదేవిపేటలో డిసెంబరు వచ్చిందంటే లంబసింగి వైపు కొండల చలి తెలుస్తూనే ఉంటుంది. ఉన్ని మఫ్లర్లు అల్లుకునే కాలం ఇదే. అల్లిక అయ్యాక చివర్లకు కుచ్చులు వేస్తే దాని అందమే వేరు.

12 సెంటీమీటర్ల కుచ్చు కావాలంటే దారం 28 సెంటీమీటర్లు ఉండాలి. మడిస్తే సగమవుతుంది, ముడికి ఇంకాస్త పోతుంది. ఒక్కో ముక్కా కొలుస్తూ కూర్చోనక్కర్లేదు. 14 సెంటీమీటర్ల వెడల్పున్న అట్టకు దారం చుట్టి, ఒక అంచున కత్తిరించండి. చుట్టేటప్పుడు గట్టిగా లాగకండి. సాగిన ఉన్ని, కోశాక కురచవుతుంది.

నాలుగు పోగులు కలిపి సగానికి మడవండి. క్రోషియా సూదిని మఫ్లరు అంచులోంచి దూర్చి, మడతను ఇవతలికి లాగండి. కొసలను ఆ మడతలోంచి తీసి బిగించండి. ముందు రెండు మూలలా, తర్వాత నడిమిన వేస్తే ఎడం సరిపోతుంది. కొసలు సమంగా కత్తిరించేది మాత్రం ఒకసారి తడిపి ఆరేశాకే.

చేనేత కండువా సంగతి వేరు. మగ్గం మీంచి కోసినప్పుడు మిగిలిన పడుగు పోగుల్నే ముడివేస్తారు. పేక జారిపోకుండా ఆపేవి ఆ ముళ్ళే. నాకైతే ఈ పడుగు పోగుల కుచ్చులే ఎక్కువ ఇష్టం.

పసిపిల్లల మఫ్లర్లకు మాత్రం కుచ్చులు వేయకండి. నోట్లో పెట్టుకుంటారు, వేళ్ళకూ చుట్టుకుంటాయి.