తోట మనమూ చూద్దాం



పిల్లలకు సెలవులిస్తే చాలు, బెంగుళూరు ప్రయాణం కడతాం. విధానసౌధ బయటినుంచే చూసి, చీరెల కొట్లన్నీ తిరిగి, రైలుకు ఇంకా రెండు గంటలుందనగా లాల్‌బాగ్‌కి వెళతాం. అక్కడ మనం చేసేదేమిటి? చెట్టుకింద దుప్పటి పరిచి, పులిహోర పొట్లాలు విప్పి, సామానుకు కాపలా కూర్చోవడం! తోట చూసి వచ్చేది మగవాళ్ళూ, పిల్లలూను.

1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట అది. కొడుకు టిప్పు విదేశాల మొక్కలు తెప్పించి పెంచాడు. 1889లో పునాది వేసిన గాజుమేడలో జనవరి 26కీ, ఆగస్టు 15కీ పూల ప్రదర్శనలు పెడుతూంటారు. మొత్తం 240 ఎకరాలు. రెండు గంటల్లో అయ్యే పనేనా?

అందుకే చెబుతున్నాను, సామాను బసలోనే వదిలి, ఎండెక్కకముందే వెళ్ళండి. ప్రదర్శన రోజుల్లో జనం తోపులాట; తీరిగ్గా చూడాలంటే మామూలు రోజే మేలు. అంతా చూసెయ్యాలని పరుగెత్తకండి. ఒక్క పూలమడి దగ్గర నిలబడండి. పొట్టి మొక్కలు ముందు, ఎత్తువి వెనక, ఏ రంగు పక్కన ఏ రంగు నప్పిందో గమనించండి. మన వరండాలో నాలుగు కుండీలున్నా ఆ వరస పనికివస్తుంది.

పువ్వు మాత్రం కోయవద్దు. జడలోకి ఒక్కటే గదా అని వచ్చినవాళ్ళంతా అనుకుంటే చివరికి మిగిలేవి ఆకులే.

పొట్లాల సంగతి అరగంట ఆలస్యమైతే ఎవరూ సొమ్మసిల్లరు. అమ్మకూ చూడాలని ఉంటుందని పిల్లలకు తెలియాలంటే, ముందు అమ్మ ఆ దుప్పటి మీదనుంచి లేవాలి.

సెలవు.